దొరగారి బల్ల మీదికి వెళ్ళే కాగితం

ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం వ్రాయమని మన సంఘం కార్యవర్గ మిత్రులు కోరినప్పుడు, రాజుల చరిత్ర వ్రాసే పాండిత్యం నాకు లేదని చెప్పాను. గుమాస్తాల చరిత్రయినా సరే అన్నారు. ఈ రోజుల్లో కంపెనీలలో కొత్తగా చేరిన పిల్లలకు పెద్ద అధికారులతో ఎలా పనిచేయాలో నేర్పడానికి ప్రత్యేకంగా తరగతులు పెడుతున్నారు. మనకు అటువంటి తరగతులు లేవు. సెక్షనులో ముందు కుర్చీలో కూర్చున్న పెద్దాయన విసుక్కుంటూ నేర్పినదే మన చదువు. అయితే ఆ పెద్దాయనకు ఎవరు నేర్పారు, ఆయన పైవారికి ఎవరు నేర్పారు అని వెనక్కి పోతే ఆ పాఠం చాలా దూరం వెళుతుంది. పై అధికారికి క్రింది ఉద్యోగి అసలు ఇవ్వవలసినదేమిటి అనే ప్రశ్న ఒక్కటే పట్టుకుని, నాకు తెలిసినంతలో నాలుగైదు ఘట్టాలు చెబుతాను.

మొదట కౌటిల్యుని అర్థశాస్త్రం. ఈ గ్రంథం చాలాకాలం కనబడకుండా పోయి, మైసూరు ప్రాచ్య గ్రంథాలయంలో తాటాకు ప్రతిగా బయటపడింది. ఆర్. శామశాస్త్రిగారు దానిని 1909లో అచ్చు వేయించారు. అందులో రెండవ అధికరణంలో శాసనాలు వ్రాసే లేఖకుని గురించి ఒక అధ్యాయం ఉంది. రాజు చెప్పినది ఏకాగ్రతతో విని, అర్థం నిశ్చయించుకొని, ఆ తర్వాతే వ్రాయాలట. వ్రాతకు గుణాలు ఆరు చెప్పి, దోషాలు అయిదు చెప్పాడు. అకాంతి అంటే మాసిన పత్రం మీద అందం లేకుండా, వంకరటింకరగా వ్రాయడం. వ్యాఘాతం అంటే ముందు చెప్పినదానికి తర్వాత చెప్పినది అడ్డం రావడం. పునరుక్తం, అపశబ్దం మనకు తెలిసినవే. సంప్లవం అంటే విడగొట్టవలసిన చోట విడగొట్టకుండా, అక్కరలేని చోట విడగొట్టడం. మన డ్రాఫ్టుల మీద ఎర్ర సిరా పడడానికి కారణాలన్నీ ఈ అయిదింటిలోకే వస్తాయి.

అదే గ్రంథం అయిదవ అధికరణంలో రాజును కొలిచేవాడి నడవడి చెప్పిన చోట ఇంకొక ముఖ్యమైన మాట ఉంది. అడిగినప్పుడు ప్రియమూ హితమూ అయినది చెప్పాలి. ప్రియమైనా హితం కానిది చెప్పరాదు. హితమే అయినా ప్రియం కానిది చెప్పవలసి వస్తే, వినడానికి సిద్ధంగా ఉన్నప్పుడు, ఏకాంతంలో చెప్పాలి. ఈ మూడవ మాట గమనించండి. చెప్పవద్దని అనలేదు. పదిమంది ఎదుట చెప్పవద్దన్నాడు. మీటింగులో కలెక్టరుగారి లెక్క తప్పని నలుగురిలో దిద్ది, ఆ మాట నిజమే అయినా, ఏళ్ళ తరబడి మాట పడ్డవాళ్ళను మనందరం చూశాం.

ఇక మన ప్రాంతానికి వస్తాను. ఏలూరుకు చెందిన కావలి సోదరుల పేరు మన చదువరులలో చాలామంది విని ఉంటారు. వెంకట బొర్రయ్య, వెంకట లక్ష్మయ్య, వెంకట రామస్వామి. కర్నల్ కాలిన్ మెకంజీ దగ్గర పనిచేశారు. ఈ మెకంజీ 1799లో టిప్పు పతనం తర్వాత మైసూరు సర్వే చేసినవాడు, 1815లో భారతదేశానికి మొట్టమొదటి సర్వేయర్ జనరల్ అయినవాడు. ఆయనకు మన భాషలు రావు. ఆ సంగతి ఆయనే 1817లో వ్రాసిన ఉత్తరంలో ఒప్పుకున్నాడు. ఈ దేశపు విద్యల ద్వారం తనకు తెరిచినవాడు బొర్రయ్యేనని అందులోనే వ్రాశాడు. ఆ బొర్రయ్య 1803లోనే, ముప్ఫై నిండకుండానే పోయాడు. పై అధికారి క్రింది ఉద్యోగి గురించి అటువంటి మాట వ్రాయడం ఆ కాలంలోనూ అరుదే, మన కాలంలోనూ అరుదే.

బొర్రయ్య చేసినదేమిటి? దొరకు కావలసినది ముందు తెలుసుకున్నాడు. మెకంజీకి కావలసినది పొగడ్త కాదు, ఊరూరి వృత్తాంతం. ఆ ఊరి కరణాన్ని, పూజారిని, ముసలివారిని మంచి చేసుకుని, శాసనాలకు నకళ్ళు తీసి, కైఫియతులు వ్రాయించే పద్ధతి ఒకటి ఏర్పాటు చేశాడు. తమ్ముడు లక్ష్మయ్య ఆ పద్ధతిని అందుకుని ఇంకా విస్తరింపజేశాడు. ఊళ్ళ మీద తిరిగే సహాయకులు ఎప్పటికప్పుడు రిపోర్టులు పంపేవారు. ఎక్కడికి వెళ్ళారు, ఎవరిని కలిశారు, ఏమి దొరికింది అన్నవే కాదు, పన్నులు పెంచడానికి వచ్చారేమోనని జనం భయపడి చెప్పకపోతే ఆ సంగతీ వ్రాసేవారు. దొరకనిదాన్ని దొరకలేదని వ్రాయడం చిన్న విషయం కాదు. దొరగారు కోపగించుకుంటారేమోనని ఏదో ఒకటి కల్పించి పంపి ఉంటే, ఈనాడు మన గ్రామాల చరిత్ర వ్రాసేవారికి ఆ కైఫియతులు ఎందుకూ కొరగాకుండా పోయేవి.

ఇందులో చేదు కూడా ఉంది. మెకంజీ 1821లో మరణించాడు. ఆ పనిని తాను కొనసాగిస్తానని లక్ష్మయ్య కోరాడు. కలకత్తాలో 1836లో జేమ్స్ ప్రిన్సెప్ ఆ విజ్ఞప్తిని పరిశీలించి, ఇటువంటి పనికి పై నుంచి నడిపించే తల ఒకటి కావాలి, అది దేశీయుడి వల్ల కాదు అన్న ధోరణిలో త్రోసిపుచ్చాడు. ఏళ్ళ తరబడి ఆ పని నడిపించినవాడి గురించి ఆ మాట! ఒక అధికారికి మన విలువ తెలిసినంత మాత్రాన తర్వాత వచ్చేవాడికి తెలుస్తుందని లేదు. బదిలీలు, పదవీ విరమణలు చూసిన మనకు దీన్ని వేరే వివరించనక్కరలేదు.

కావలి సోదరుల కథకు ఎదురు బొమ్మ గుంటూరు కచేరీ. గుంటూరు సర్కారు 1788లో కంపెనీ చేతికి వచ్చింది. అమెరికా చరిత్రకారుడు రాబర్ట్ ఫ్రైకెన్‌బర్గ్ 1788 నుంచి 1848 దాకా ఆ జిల్లా పాలన మీద ఒక పెద్ద గ్రంథం వ్రాసి 1965లో ప్రచురించాడు. ఉద్యోగంలో ఉన్నప్పుడు దొరికి ఉంటే ఇంకా బాగా అర్థమయ్యేది గాని, నేను రిటైరయ్యాక చదివాను. అందులోని సారాంశం ఇది. కలెక్టరు దొర వస్తాడు, పోతాడు. దేశభాష రాదు. హుజూరు కచేరీలో శిరస్తాదారు, ఆయన బంధువర్గం మాత్రం కదలరు. లెక్కలు వారి చేతిలో, వారికే తెలిసిన భాషలో, వారికే తెలిసిన లిపిలో ఉంటాయి. దొర బల్ల మీదికి ఏ కాగితం వెళ్ళాలో, ఏది వెళ్ళకూడదో, ఎప్పుడు వెళ్ళాలో వారే నిర్ణయిస్తారు. రైతు అర్జీ పెట్టుకుంటే అది ఎవరి మీద ఫిర్యాదో వారి చేతికే మొదట వచ్చేది. దొర సంతకం పెట్టేవాడు, ఏలేవాడు శిరస్తాదారు.

ఆ కాలంలోనే, 1832-33లో, నందన నామ సంవత్సరపు కరువు వచ్చింది. మన పెద్దలు డొక్కల కరువు అనేవారు. గుంటూరు సీమ సగం పాడుబడిపోయింది. ఆ తర్వాత జమాబందీ రాబడి కోలుకోక, బకాయిలు పెరిగిపోయి, ఎందుకిలా జరుగుతున్నదో మద్రాసు ప్రభుత్వానికి అంతుబట్టక, చివరకు 1845లో వాల్టర్ ఎలియట్‌ను విచారణకు పంపారు. కచేరీ ఉద్యోగులు పన్నిన వలను ఆయన ఒక్కొక్క ముడీ విప్పి 1846లో నివేదిక ఇచ్చాడు. (అమరావతి శిల్పాలను త్రవ్వించి మద్రాసుకు పంపినది కూడా ఈ ఎలియటే, ఆ 1845లోనే. తర్వాత లండను చేరిన ఆ శిల్పాలను చాలాకాలం ఎలియట్ మార్బుల్స్ అనే పిలిచారు. ఒక పని మీద వెళ్ళి రెండవ పని కూడా చేసుకు వచ్చిన అధికారులు ఆనాడు ఉండేవారు.) 1859లో జిల్లాల పునర్వ్యవస్థీకరణలో గుంటూరు జిల్లాయే లేకుండా పోయి, మళ్ళీ 1904లో ఏర్పడింది.

ఆ శిరస్తాదార్లు తెలివితక్కువవారు కారు. దొర మనసు తెలుసుకోవడంలో, ఆయన కోపతాపాలు కనిపెట్టడంలో వారిని మించినవారు లేరు. ఈనాటి తరగతులలో నేర్పే మెళకువలన్నీ వారికి కరతలామలకం. ఆ నేర్పునంతా దొర కళ్ళు తెరిపించడానికి కాక, మూయడానికి వాడారు. అందుకని పై అధికారితో చక్కగా మెలగడం వేరు, ఆయనకు చక్కగా పనిచేయడం వేరు అని నేను ఎప్పుడూ అనుకునేవాడిని.

కాగితాన్ని ఒక మనిషి దాచడానికి వీలు లేకుండా చేయాలంటే ఏమి చేయాలి? దానికి మద్రాసు ప్రెసిడెన్సీలో దొరికిన జవాబే మనమందరం తిట్టుకుంటూ బ్రతికిన టాటన్‌హామ్ పద్ధతి. రిచర్డ్ టాటన్‌హామ్ మద్రాసు ఐ.సి.ఎస్. అధికారి. జిల్లా కార్యాలయాల పద్ధతికి ఆయన పేరే స్థిరపడిపోయింది. డిస్ట్రిక్టు ఆఫీసు మాన్యువల్ తెరిచి చూడని గుమాస్తా మన సంఘంలో ఉండరు. టపా వచ్చిన వెంటనే తేదీ ముద్ర, డిస్ట్రిబ్యూషన్ రిజిస్టరులో నంబరు, ఆ గుమాస్తా పర్సనల్ రిజిస్టరులో పేరు. ఆ కాగితం ఎవరి దగ్గర ఉంది, ఎన్నాళ్ళుగా ఉంది, ఏమి చేశారు అన్నది ఆ పి.ఆర్. పుస్తకంలో కాలమ్ కాలమ్‌కీ కనబడుతుంది. కరెంటు ఫైలు వేరు, నోటు ఫైలు వేరు. పని ముగిశాక దాని విలువను బట్టి ముగింపు. ఆర్.డిస్. అయితే శాశ్వతం, డి.డిస్. పదేళ్ళు, ఎల్.డిస్. అయితే త్వరగా చింపేయవచ్చు. సూపరింటెండెంటు పి.ఆర్. తనిఖీ చేసే రోజున సెక్షనులో ఉండే నిశ్శబ్దం మీకు గుర్తుండే ఉంటుంది.

ఆ పద్ధతిని మనం నిఘా అనుకున్నాం. నిజమే, నిఘాయే. కాని అది క్రిందివాడికి రక్ష కూడా. ఆలస్యం నా దగ్గర జరగలేదు, ఫలానా తేదీన పుటప్ చేశాను, ఫలానా తేదీన మాట్లాడమని వెనక్కి వచ్చింది అని చూపించడానికి ఆ పుస్తకం తప్ప గుమాస్తాకు వేరే సాక్షి లేడు.

నోటు ఫైలు సంగతి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే పెద్ద అధికారితో మన పరిచయమంతా ఆ పచ్చ కాగితం మీదే. కొందరు అధికారులు మూడేళ్ళు ఉండి వెళ్ళినా మన ముఖం గుర్తు పట్టేవారు కారు గాని మన దస్తూరీ గుర్తు పట్టేవారు. నాకు నోటు వ్రాయడం నేర్పిన సూపరింటెండెంటు ఒకాయన, వచ్చిన ఉత్తరాన్నే మళ్ళీ నోటులో దించితే ఫైలు తిరిగి ఇచ్చేసేవారు. దొరగారికి చదువు వచ్చు, ఆ ఉత్తరం ఆయనే చదువుకుంటారు, నువ్వు ఆయనకు తెలియనిది వ్రాయి అనేవారు. తేల్చవలసిన ప్రశ్న ఏమిటి, రూలు ఏమి చెబుతున్నది, ఇటువంటిది ఇంతకు ముందు వస్తే ఏమి చేశారు, ఇప్పుడు చేయడానికి ఉన్న దారులు ఎన్ని, అందులో ఏది మేలు. రూలు పుస్తకంలో ఆ పేజీకి ఫ్లాగు. పాత ఫైలుకు ఇంకొక ఫ్లాగు. అధికారి ఫైలు విప్పిన తర్వాత మళ్ళీ గంట కొట్టి మనల్ని పిలవవలసిన అవసరం రాకూడదు. సమస్య ఒక్కటే పట్టుకు వెళ్ళి ఏమి చేయమంటారండీ అని నిలబడడం ఆయన దృష్టిలో సగం పని. ఆయనకు విరుద్ధమైన అభిప్రాయం ఉంటే అదీ వ్రాసేవారు. పైనుంచి వేరే ఉత్తర్వు వస్తే, రెండవ మాట లేకుండా ఆ పూటే డ్రాఫ్టు పెట్టేవారు. వాదన నోటులో, విధేయత డ్రాఫ్టులో అని నవ్వేవారు.

ఈ రెండు గుణాలూ ఒకే మనిషిలో ఎంత ఎత్తుకు తీసుకుపోగలవో చూడాలంటే వి.పి. మీనన్ కథ చూడాలి. వప్పాల పంగుణ్ణి మీనన్ 1893లో కేరళలో ఒట్టపాలం దగ్గర పుట్టాడు. డిగ్రీ లేదు. కోలారు బంగారు గనులలో పనిచేశాడు. 1914లో భారత ప్రభుత్వ హోం శాఖలో గుమాస్తాగా చేరాడు. ఐ.సి.ఎస్. వారు తప్ప మరొకరు కూర్చోని కుర్చీలలో, 1942 నాటికి రిఫార్మ్స్ కమిషనరు కుర్చీలో కూర్చున్నాడు. రాజ్యాంగ సంస్కరణల ఫైళ్ళన్నీ ఏళ్ళ తరబడి ఆయన చేతి మీదుగా నడిచినవే. ఏ పేరా ఏ సంవత్సరంలో ఎందుకు మారిందో జ్ఞాపకం మీద చెప్పగల మనిషి. లిన్‌లిత్‌గో, వేవెల్, మౌంట్‌బాటెన్, ముగ్గురు వైస్రాయిల దగ్గర పనిచేశాడు.

1947 మే నెల. అధికార బదిలీకి ఒక ముసాయిదా తయారయింది. రాష్ట్రాలకు ఎవరి దారి వారు చూసుకునే అవకాశం ఇచ్చే ప్రణాళిక అది. దానిని ఇస్మే, ఏబెల్ లండనుకు పట్టుకుపోయారు. అది మీనన్‌కు మొదటినుంచీ నచ్చలేదు. ఆయన ఆలోచన వేరు. రెండు ప్రభుత్వాలకు డొమినియన్ హోదా మీద అధికారం అప్పగిస్తే బదిలీ త్వరగా, సాఫీగా జరుగుతుందని ఆయన అభిప్రాయం. అది అప్పటికప్పుడు పుట్టినది కాదు. నెలల క్రితమే సర్దార్ పటేల్‌తో మాట్లాడి, ఆయన అంగీకారం తీసుకుని, ఒక రూపురేఖ లండనుకు పంపి ఉన్నాడు. అక్కడ అది అలాగే పడి ఉంది. మనవాడు అలగలేదు, పత్రికలవారి చెవిన వేయలేదు. సిమ్లాలో అవకాశం వచ్చినప్పుడు మౌంట్‌బాటెన్‌కు విప్పి చెప్పాడు, నెహ్రూతోనూ మాట్లాడాడు.

మే 10వ తేదీ రాత్రి మౌంట్‌బాటెన్ లండను నుంచి తిరిగి వచ్చిన ముసాయిదాను నెహ్రూకు చూపించాడు. నెహ్రూ మండిపడ్డాడు. ఆ ప్రణాళిక దేశాన్ని ముక్కలు చెక్కలు చేస్తుందని మరునాడు స్పష్టం చేశాడు. అప్పటికి వైస్రాయికి దిక్కు తోచని స్థితి. మీనన్‌ను పిలిచి వేరే ముసాయిదా తయారు చేయమన్నాడు. నెహ్రూ ఆ సాయంకాలమే సిమ్లా విడిచి వెళ్ళాలి. కొన్ని గంటలే వ్యవధి. ఆ కొన్ని గంటలలోనే మీనన్ ముసాయిదా పూర్తి చేశాడు. జూన్ 3న ప్రకటించిన ప్రణాళికకు అదే పునాది.

ఈ కథ చెప్పేవారు కొన్ని గంటలలో వ్రాశాడని ఆశ్చర్యపోతారు. గుమాస్తాగా నాకు ఆశ్చర్యం అక్కడ కాదు. ఆయన ముప్ఫై మూడేళ్ళు ఆ ఫైళ్ళు చదివాడు, నెలల ముందే జవాబు ఆలోచించి పెట్టుకున్నాడు. అడిగిననాడు వ్రాయడానికి పట్టిన కాలం మాత్రమే అది. పై అధికారి అడగబోయే ప్రశ్నను ముందే ఊహించి కాగితాలు సిద్ధం చేసుకోవడం అనే మన పాత అలవాటే. మోతాదు పెద్దది, అంతే.

ఇంకొక సంగతి. ఆగస్టు 15 తర్వాత విశ్రాంతి తీసుకోవాలని మీనన్ అనుకున్నాడు. పటేల్ ఒప్పుకోలేదు. జూలై 5న సంస్థానాల శాఖ ఏర్పడింది, పటేల్ మంత్రి, మీనన్ కార్యదర్శి. అయిదు వందలకు పైగా సంస్థానాలు, ఆరు వారాల గడువు. మీనన్ పటేల్ దగ్గరకు ఒక ప్రతిపాదన తీసుకువెళ్ళాడు. రక్షణ, విదేశ వ్యవహారాలు, రవాణా వార్తా సౌకర్యాలు అనే మూడు విషయాలకు మాత్రమే విలీనం అడుగుదాం, సంస్థానాధీశుల మీద ఆర్థిక భారం పడదని చెబుదాం, వైస్రాయిగా, రాజవంశీకుడిగా మౌంట్‌బాటెన్ మాటకు వారి దగ్గర విలువ ఉంటుంది కనుక ఆయన సహాయం అడుగుదాం. పటేల్ ఒప్పుకున్నాడు, నెహ్రూకూ సమ్మతమయింది. జూలై 25న నరేంద్ర మండలిలో మౌంట్‌బాటెన్ మాట్లాడాడు. ఆ ప్రతిపాదనలో ఎక్కడా మీనన్ తాను ముందు నిలబడాలని చూడలేదు. పని ఎవరి నోట వస్తే నెరవేరుతుందో వారి నోట చెప్పించాడు. ఇది అందరికీ చేతకాదు. మన ఆఫీసులలో మంచి ఆలోచన ఉన్నా, అది తన పేరుతోనే పైకి వెళ్ళాలనే పంతంతో పాడు చేసుకున్నవారు ఎందరో.

అక్టోబరులో కాశ్మీరు మీదికి దాడి జరిగినప్పుడు, 25వ తేదీన మీనన్‌ను విమానంలో శ్రీనగరు పంపారు. అక్కడ చూసినది చూసినట్లు మరునాడు డిఫెన్సు కమిటీకి వచ్చి చెప్పాడు. డిసెంబరులో ఒరిస్సా, ఛత్తీస్‌గఢ్ సంస్థానాల విలీనానికి పటేల్ కటకం, నాగపూరు వెళ్ళినప్పుడు వెంట ఉన్నాడు. మన హైదరాబాదు వ్యవహారంలో, 1947 నవంబరు నాటి యథాతథ ఒడంబడిక నుంచి 1948 సెప్టెంబరు పోలీసు చర్య వరకు, ఆ చర్చలన్నీ ఆయన చేతి మీదుగానే నడిచాయి.

ఆయన అంత స్వేచ్ఛగా పనిచేయగలిగాడంటే కుర్చీకి అవతల పటేల్ ఉన్నాడు కనుక. 1949 అక్టోబరు 10న రాజ్యాంగ సభలో సర్వీసుల రక్షణ మీద పటేల్ చేసిన ప్రసంగం ప్రతి ఉద్యోగి చదవవలసినది. తన కార్యదర్శి తన అభిప్రాయానికి విరుద్ధంగా నోటు వ్రాయవచ్చునని, ఆ స్వేచ్ఛ తన కార్యదర్శులందరికీ ఇచ్చానని ఆయన నిండు సభలో చెప్పాడు. మంత్రికి కోపం వస్తుందేమోనన్న భయంతో నిజమైన అభిప్రాయం చెప్పకపోతే అటువంటి కార్యదర్శి తనకు అక్కరలేదని, ఇంకొకరిని తెచ్చుకుంటానని చెప్పాడు. క్రిందివాడికి ధైర్యం ఉండాలని అందరూ బోధిస్తారు. వినే చెవి పైన ఉండాలని చెప్పేవారు తక్కువ. 1950 డిసెంబరు 15న పటేల్ పోయాడు. మీనన్ 1951లో కొద్దికాలం ఒరిస్సా గవర్నరుగా ఉన్నాడు. తర్వాత పెద్ద బాధ్యత ఏదీ ఆయన దగ్గరకు రాలేదు. సంస్థానాల విలీనం గురించి, అధికార బదిలీ గురించి రెండు పుస్తకాలు వ్రాసి 1965 చివరి రోజున బెంగుళూరులో మరణించాడు. కావలి లక్ష్మయ్య గుర్తుకు వస్తాడు.

ఇప్పుడు ముందుకు వచ్చి, కాగితం మీదికి ఎక్కని మాట ఏమి చేస్తుందో చెబుతాను. 1957 జూన్‌లో జీవిత బీమా సంస్థ, అప్పటికి దానికి ఏడాది కూడా నిండలేదు, హరిదాస్ ముంద్రా అనే వ్యాపారికి చెందిన ఆరు కంపెనీల షేర్లు ఒక కోటీ పాతిక లక్షల రూపాయలు పెట్టి కొన్నది. ఆ కంపెనీలు మంచి స్థితిలో లేవు. డిసెంబరులో పార్లమెంటులో ఫిరోజ్ గాంధీ ఈ సంగతి బయటపెట్టాడు. బొంబాయి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఎం.సి. చాగ్లాతో ఏకసభ్య కమిషన్ వేశారు. విచారణ బహిరంగంగా జరిగింది, జనం విరగబడి వచ్చారు. అక్కడ తేలవలసిన ముఖ్యమైన ప్రశ్న, ఈ కొనుగోలుకు ఆర్థిక మంత్రి టి.టి. కృష్ణమాచారి అంగీకరించాడా లేదా అన్నది. అంగీకరించారని ఆర్థిక శాఖ ప్రధాన కార్యదర్శి హెచ్.ఎం. పటేల్ అన్నాడు. నేను ఒప్పుకోలేదని మంత్రి అన్నాడు. ఇద్దరూ మేధావులే. ఇద్దరి మధ్యా జరిగిన మాటలకు ఫైలులో ఒక్క వాక్యం లేదు. నోటు ఫైలు మీద, ఫలానా తేదీన మంత్రివర్యులతో చర్చించాను, సరే అన్నారు అని ఒక లైను వ్రాసి చిన్న సంతకం తీసుకుని ఉంటే ఆ కమిషనుకు అన్నాళ్ళ పని ఉండేది కాదు. శాఖలో జరిగిన దానికి మంత్రిదే రాజ్యాంగపరమైన బాధ్యత అని చాగ్లా 1958 ఫిబ్రవరిలో తేల్చాడు. కృష్ణమాచారి రాజీనామా చేశాడు. హెచ్.ఎం. పటేల్ ఉద్యోగం విడిచిపెట్టాడు. విచిత్రం ఏమిటంటే ఆయనే 1977లో అదే ఆర్థిక శాఖకు మంత్రిగా తిరిగి వచ్చాడు.

తాలూకా ఆఫీసు గుమాస్తాకు కూడా తెలిసిన జాగ్రత్త అది. పై అధికారి నోటితో చెప్పిన పని చేసేటప్పుడు, ఆదేశానుసారం అని వ్రాసి ఫైలు ఆయన సంతకానికే పెట్టడం. దీన్ని కొందరు అధికారులు అపనమ్మకంగా తీసుకుంటారు. నేను అలా అనుకోను. నిజంగా చెప్పినవాడికి సంతకం పెట్టడానికి భయమేమిటి? పైగా రేపు జ్ఞాపకం తప్పితే ఆ కాగితం ఆయననే కాపాడుతుంది. అయితే చెప్పే పద్ధతి ఉంది. మీరు వ్రాసి ఇస్తేనే చేస్తాను అంటే తగాదా. తమరు చెప్పినట్లు డ్రాఫ్టు సిద్ధం చేశాను, ఒకసారి చూడండి అంటే పని జరిగిపోతుంది.

ఎమర్జెన్సీ రోజులలో ఈ జాగ్రత్త పెద్ద పెద్దవారి దగ్గరే తప్పిపోయింది. 1975 జూన్ 25 రాత్రి ఢిల్లీలో పత్రికల ప్రెస్సులకు కరెంటు తీసేయించినది నోటిమాట మీదే. తర్వాత షా కమిషన్ ముందు అధికారి తర్వాత అధికారి వచ్చి పైనుంచి చెప్పారు, చేశాం అన్నారు. పైనున్నవారు చెప్పలేదన్నారు. విచిత్రం ఏమిటంటే అప్పటికే రూలు ఉంది. 1968 నాటి అఖిల భారత సర్వీసుల ప్రవర్తనా నియమాలలో, ఆదేశాలు మామూలుగా వ్రాతలోనే ఉండాలని, తప్పనిసరై నోటితో చెబితే వెంటనే వ్రాతలో ధ్రువపరచాలని, విన్న ఉద్యోగి ఆ ధ్రువీకరణ అడిగి తీసుకోవాలని స్పష్టంగా ఉంది. రూలు పుస్తకంలో ఉండడం వేరు, అడిగే నోరు ఉండడం వేరు.

2013 అక్టోబరు 31న సుప్రీంకోర్టు, మాజీ క్యాబినెట్ కార్యదర్శి టి.ఎస్.ఆర్. సుబ్రమణియన్, మరికొందరు విశ్రాంత అధికారులు వేసిన కేసులో, ఉద్యోగులు నోటిమాట ఆదేశాల మీద పనిచేయరాదని, వాటిని వ్రాతలో నమోదు చేయాలని తీర్పు ఇచ్చింది. ఆ కేసు వేసినవారు మనలాగే రిటైరైన ఉద్యోగులు కావడం నాకు సంతోషం కలిగించింది. ఇప్పుడు మన పి.ఆర్. పుస్తకాలు అటకెక్కి, చాలా కార్యాలయాలలో ఈ-ఆఫీసు వచ్చింది. ఫైలు ఎవరు ఏ నిమిషానికి తెరిచారో యంత్రమే వ్రాసి పెడుతున్నది. టాటన్‌హామ్ బ్రతికి ఉంటే మురిసిపోయేవాడు. కాని ఈమధ్య పెన్షను పనికి ఒక ఆఫీసుకు వెళ్ళినప్పుడు చూశాను. అధికారి ఫోనులో ఏదో చెబుతున్నాడు, ఇవతల కుర్రగుమాస్తా అలాగే సార్ అలాగే సార్ అంటూ కీబోర్డు మీద వేగంగా కొడుతున్నాడు. ఫోను పెట్టేశాక, సార్ చెప్పింది నోటులో ఎక్కించావా బాబూ అని అడిగాను. కంప్యూటరు నా వైపు తిప్పాడు. ఫోనులో ఇచ్చిన ఆదేశం మేరకు అని తేదీ, వేళతో సహా మొదటి లైనులోనే ఉంది.